కన్ను పెద్దదానిది, చెయ్యి చిన్నదానిది

సెప్టెంబరు 2

ఈ పుస్తకం ఏ రోజు ఏ దండ గుచ్చామో రాసుకోడానికి కొన్నది. సగానికి పైగా తెల్లగానే మిగిలిపోయింది. ఇవాళ ఎవరితోనైనా చెప్పుకోకపోతే నా పొట్ట పగిలిపోయేలా ఉంది. ఆయనకి చెబితే "ఊఁ" అని పేపరు తిరగేస్తారు. చిన్నదానికి చెబితే వింటుంది, అంతే. మా మరిది దాన్ని పెళ్ళి చేసుకుని తీసుకొచ్చిన నాటి నుంచి, ఇరవై ఎనిమిదేళ్ళుగా, కొట్లో నా పక్క స్టూలు మీదే కూర్చుని ముత్యాలు గుచ్చుతోంది. పెదాల మధ్య ఎప్పుడూ దారం కొస ఉంటుంది. ఇక మాటెక్కడి నుంచి వస్తుంది?

సంగతేమిటంటే, కోట్లావిడ ఆర్డరు ఇచ్చింది! కోట్లు ఉన్నావిడ కాదు, కోట్లు కుట్టించే ఆవిడ. వీధి మలుపులో అద్దాల షాపు. చలి మొదలయ్యే ముందు కొత్త బట్టలన్నీ ఒకేరోజు బొమ్మలకు తొడిగి, అందరినీ పిలిచి చూపిస్తుంది. ఈసారి అన్నీ రాలే ఆకుల రంగులేనట. ఇటుక రంగు, తేనె రంగు, ముదురాకుపచ్చ, వాటికి తోడు వంకాయ రంగు. కాలర్లు గడ్డం దాకా.

"అక్కయ్యగారూ, పొట్టి దండలు కాలర్లో మునిగిపోతాయి. నాకు పొడుగువి కావాలి, బొడ్డు దాకా రావాలి. పన్నెండు కోట్లకి పన్నెండు దండలు. అక్టోబరు పద్దెనిమిదికి బొమ్మల మెళ్ళో ఉండాలి, వారం ముందే తెచ్చివ్వండి" అంది. ఇవి బావుంటే ఇక ఏడాది పొడుగునా తన కోట్ల పక్కన మా ముత్యాలేనట. లేకపోతే పెద్ద బజారు వాళ్ళని అడుగుతుందట. ఆ మాట కూడా నవ్వుతూనే అంది. చలికాలంలో మా కొట్టుకి ఈగ కూడా రాదని ఆవిడకీ తెలుసు.

అత్తయ్య ఉంటే ఎంత మురిసిపోయేదో. పోయేముందు మా ఇద్దరినీ పిలిచి "కన్ను పెద్దదానిది, చెయ్యి చిన్నదానిది" అని పంచేసింది. ఎంచడం నా పని, గుచ్చడం దాని పని. ఇప్పటిదాకా ఆ మాట జవదాటలేదు. ముత్యాల్లో ఎంచడమే ప్రాణం. గుచ్చడం ఎవరైనా గుచ్చుతారు. (ఎవరైనా అని కాదులే, చిన్నది బాగానే గుచ్చుతుంది.) దండలో వంద ముత్యాలుంటే వందా ఒక తల్లి పిల్లల్లా ఉండాలి. పాల తెలుపు, మీగడ తెలుపు, గులాబి తెలుపు, నాకు అవన్నీ ఎక్కాల్లా వచ్చు. అత్తయ్యా, నీకు దణ్ణం. ఈ కన్ను నువ్వు పెట్టిన భిక్షే.

సెప్టెంబరు 5

ముత్యాలు వచ్చాయి. జల్లెడ పట్టి సైజులు విడదీశాం.

ఉత్తరం కిటికీ దగ్గర నా కుర్చీ, ముందు నా పళ్ళెం, పళ్ళెంలో బూడిద రంగు గుడ్డ. పది నుంచి వెలుగు నిలకడగా ఉంటుంది, నేను అప్పుడే ఎంచుతాను. ఇవాళ వెలుగేమిటో నీరసంగా ఉంది. ఎదురింటివాళ్ళు గోడకి పసుపు రంగు వేయించారు. ఆ రంగంతా వచ్చి నా పళ్ళెంలోనే పడుతోంది. మనుషులకి బుద్ధి ఉండక్కర్లా? పక్కన ఏ రంగుంటే ముత్యం ఆ రంగు తాగేస్తుంది. వాళ్ళకేం తెలుసు.

సాయంత్రం పళ్ళెం మీద గుడ్డ కప్పి వచ్చేశాను. చిన్నది ఎనిమిదింటికే కొట్టు తీస్తుంది, నేను పదింటికి వెళ్ళేసరికి దారాలన్నీ సిద్ధం చేసి ఉంచుతుంది. ఇన్నేళ్ళలో ఒక్కరోజు ఆలస్యం చెయ్యలేదు. అది మాత్రం చెప్పుకోవాలి.

సెప్టెంబరు 9

కిటికీ పైన బల్బు మార్పించాను. లాభం లేదు. ఈమధ్య బల్బులన్నీ ఇంతే.

సెప్టెంబరు 20

నాలుగు దండలు అయ్యాయి. ఏం ఉన్నాయమ్మా! నాకే దిష్టి తగిలేలా ఉంది.

టీచరమ్మ పోయినేడు మా దగ్గర కొన్న దండ వేసుకుని వచ్చి, మా చేతులు పట్టుకుని మరీ చెప్పింది. "ఒక్క ముత్యానికి వంక పెట్టలేక మా ఆడపడుచు పెళ్ళి భోజనం కూడా సరిగ్గా తినలేదండీ" అంది. నవ్వలేక చచ్చాను. చిన్నది కూడా నవ్వింది, తల వంచుకుని. "మా అక్కే ఎంచిందండీ" అంది. అది అలా అన్నప్పుడల్లా నాకు లోపల చల్లగా ఉంటుంది. ఒప్పుకుంటాను.

ఉన్ని బట్టల మీద దండ కొక్కెం గరుకుగా ఉంటే పోగులు లేచిపోతాయి. అందుకని ప్రతి కొక్కేన్నీ స్వెటరు చేతికి రాసి చూస్తున్నాం. ఆ ఆలోచన నాదే అనుకుంటా. స్వెటరు చిన్నదానిది.

ఎదురింటి గోడ గురించి ఆయనకి చెబితే "ఆడలేక మద్దెల ఓడు అన్నదట" అని పేపరు వెనక నుంచి గొణిగారు. నాలుగు దండలు చూసి మాట్లాడమన్నాను. ఆయనకి ఏం తెలుస్తుంది పాపం.

సెప్టెంబరు 21

రాయాలని లేదు. రాస్తాను.

ఆయన పొద్దున్నే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తూ నన్ను కొట్టు దగ్గర దింపారు. ఎనిమిదిన్నర. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోశాను. చిన్నది నా కుర్చీలో కూర్చుని ఉంది. నా పళ్ళెం మీద గుడ్డ తీసేసి ఉంది. నిన్న నేను ఎంచి వరసగా పేర్చినవాటిలోంచి ఒక్కో ముత్యం తీస్తోంది, దాని చోట ఇంకోటి పెడుతోంది. తీసినవి ఒళ్ళో డబ్బాలో వేసుకుంటోంది.

"ఏం చేస్తున్నావే?"

ఉలిక్కిపడి లేచింది. "సర్దుతున్నానక్కా."

"నేను ఎంచినవి నువ్వు సర్దేదేమిటి? ఆ డబ్బా ఏమిటి?"

"ఏం లేదక్కా. మళ్ళీ జల్లెడలో పోసేస్తాను."

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను చూడు" అన్నాను.

అది నా మొహంలోకి చూసింది. డబ్బా తెచ్చి పళ్ళెం పక్కన పెట్టింది. వెళ్ళి స్టూలు మీద కూర్చుని దారం తీసుకుంది. ఇక సాయంత్రం దాకా మాట లేదు.

తప్పు లేనివాళ్ళయితే మాట్లాడరా?

సెప్టెంబరు 22

ఆయనకి చెబితే పేపరు కింద పెట్టారు. "చిన్నదా? దొంగతనమా? నీకేమన్నా మతి పోయిందా?"

డబ్బాలో ముత్యాలు, పళ్ళెంలో ముత్యాలు, జల్లెడలో ముత్యాలు మూడుసార్లు లెక్కపెట్టాను. ఒక్కటీ తగ్గలేదు. తగ్గకపోతే మాత్రం? నా పళ్ళెంలో చెయ్యి పెట్టడం తప్పు కాదా? అత్తయ్య ఉంటే ఊరుకునేదా?

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని అత్తయ్యే అనేది. అది వేరే సంగతి.

సెప్టెంబరు 23

సాయంత్రం పళ్ళేన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాను.

అక్టోబరు 1

చిన్నది ఇవాళ నోరు తెరిచింది. పెదాల మధ్య నుంచి దారం తీసి మరీ.

"అక్కా, గుచ్చేముందు ఈ రెండూ ఒక్కసారి కిటికీ దగ్గర పెట్టి చూస్తావా?"

చూశాను. తిప్పి తిప్పి చూశాను. "కవల పిల్లల్లా ఉన్నాయి. నాకు చెప్పొచ్చావా?" అన్నాను.

"సరే అక్కా" అని గుచ్చేసింది. ఎంచినవి ఎంచినట్టు గుచ్చేస్తోంది. ముత్యానికీ ముత్యానికీ మధ్య దాని ముడి చూడాలి, ఆవగింజంత, అన్నీ ఒకే కొలత. కోపంగా ఉన్నా ముడి మాత్రం వదులు కాదు.

పదకొండింటికి టీ ఇస్తోంది. చక్కెర ఎప్పటిలాగే సరిగ్గా ఉంటోంది. కొట్లో ఇంత నిశ్శబ్దం నాకు పడటం లేదు.

అక్టోబరు 11

పన్నెండు దండలూ పట్టుకుని కోట్లావిడ షాపుకి వెళ్ళాం, నేనూ ఆయనా. చిన్నది రానంది.

ఆవిడ వరసగా బొమ్మల మెళ్ళో వేసింది. వెనక్కి జరిగి చూసింది. మళ్ళీ దగ్గరికొచ్చి చూసింది. నేను పొగడ్త కోసం మొహం సిద్ధం చేసుకుని నిలబడ్డాను.

"అక్కయ్యగారూ, ఈ నాలుగూ అద్భుతం. ఈ ఎనిమిదీ... ఇవి కూడా మీరే ఎంచారా?"

"నేనే. ఏం?"

"పాలూ మీగడా కలిపి గుచ్చినట్టున్నాయండీ. లేత రంగు బట్టల మీదయితే ఎవరూ పట్టించుకోరేమో గానీ, ఈ వంకాయ రంగు మీద కొట్టొచ్చినట్టు కనపడుతోంది. చూడండి, తెలుపు, తెలుపు, పసుపు, తెలుపు, పసుపు." ఒక్కో ముత్యం మీద వేలు పెట్టి చెప్పింది.

నేను చూశాను. అన్నీ ఒకటే.

మీ షాపులో దీపాలు బాలేవన్నాను. దండ తీసుకుని నన్ను గుమ్మం బయటికి తీసుకెళ్ళింది. మంచి ఎండ. అన్నీ ఒకటే. ఆయన నా భుజం మీద నుంచి వంగి చూసి "అవునోయ్, ఇదీ ఇదీ పచ్చగా ఉన్నాయి" అన్నారు.

ఆయనకి తను తొడుక్కున్న చొక్కా రంగు తెలీదు. పెళ్ళినాడు నేను ఏ రంగు చీర కట్టుకున్నానో అడిగితే ఇప్పటికీ దిక్కులు చూస్తారు. ఆయనకి కనిపించింది.

"మీరు కాబట్టి, ముందురోజు సాయంత్రం దాకా ఆగుతాను" అంది కోట్లావిడ. ఆ నాలుగూ బొమ్మలకే ఉంచి, ఎనిమిదీ కాగితంలో చుట్టి నా చేతికిచ్చింది. ఆవిడ మంచితనానికి ఆవిడ పిల్లాపాపలతో చల్లగా ఉండాలి. నాకు మాత్రం నలుగురిలో తల తీసేసినట్టయింది.

అక్టోబరు 12

నాకు కనిపించలేదు.

అక్టోబరు 13

కంటి డాక్టరమ్మ దగ్గరికి ఆయన తీసుకెళ్ళారు. నేను గోడ గురించి, బల్బు గురించి చెబుతుంటే ఆవిడ ఓపిగ్గా విని, కంట్లో చుక్కలు వేసింది.

"రెండు కళ్ళకీ శుక్లాలమ్మా. లోపలి లెన్సు పసుపెక్కింది. పసుపు అద్దం పెట్టుకుని లోకాన్ని చూస్తున్నారు మీరు. ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదు, మూడేళ్ళయినా అయ్యుంటుంది. ఏం పని చేస్తారు?"

చెప్పాను. కలం ఆపి నా వంక చూసింది.

"మరి ఇన్నాళ్ళూ ఆ పని ఎలా చేశారమ్మా?"

ఎలా చేశాను?

ఇంటికొచ్చి ఇదే పుస్తకం తిరగేశాను. మొదటి నాలుగు దండలు సెప్టెంబరు ఇరవైకి అయ్యాయి. మిగతా ఎనిమిదీ నేను తాళం వేశాక గుచ్చినవి. ఆ నాలుగూ అద్భుతం. ఈ ఎనిమిదీ పాలూ మీగడా. టీచరమ్మ దండ పోయినేడుది. ఆ ఆడపడుచు వంక పెట్టలేకపోయింది.

చిన్నది రోజూ ఎనిమిదింటికి కొట్టు తీస్తుంది. నేను పదింటికి వెళ్తాను.

దొంగ అన్నాను దాన్ని.

అక్టోబరు 14

వాళ్ళిల్లు నాలుగిళ్ళ అవతలే. ఎప్పుడూ అదే మా ఇంటికి వచ్చేది. నేను పెద్దదాన్ని కదా, ఆ దర్జా ఒకటి.

చిన్నది ఇస్త్రీ చేస్తోంది. నన్ను చూసి మా మరిది "వదినా, కూర్చో, ఇప్పుడే వస్తా" అని చెప్పులేసుకుని మాయమయ్యాడు. తెలివైనవాడు.

"నన్ను క్షమించవే" అన్నాను. వాక్యాలన్నీ దారిలో తయారు చేసుకున్నాను గానీ ఆ ఒక్క ముక్కే బయటికొచ్చింది. డాక్టరమ్మ చెప్పింది చెప్పాను. అది ఇస్త్రీ చేస్తూనే ఉంది.

"ఎప్పటి నుంచి చేస్తున్నావు?"

"మూడో ఏడు నడుస్తోంది. ఓసారి తెల్లవాటి మధ్య మీగడ ముత్యం పెట్టావు. పొరపాటనుకుని తీసేశాను. మర్నాడు మూడు పెట్టావు."

"చెప్పొచ్చు కదా."

"నీకా?" అంది. "అక్కా, బల్బు మార్పించావు. ఎదురింటి గోడని నెల రోజులు తిట్టావు. నీ కన్ను బాలేదు అని నేను చెబితే నన్ను బతకనిచ్చేదానివా?"

నవ్వొచ్చింది. దాంతోపాటే ఏడుపూ వచ్చింది. "పోనీలే, నా మీద జాలిపడి చేశావు. ఈ జన్మకి నీ రుణం తీర్చుకోలేను" అన్నాను.

అప్పుడు ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. దాని మొహం అలా ఎర్రబడటం ఎప్పుడూ చూళ్ళేదు.

"జాలా? నాకు ఇష్టమై చేశానక్కా. ఆ రెండు గంటలూ నావి. పాతికేళ్ళు నీ పక్కన కూర్చుని, నీ వేళ్ళు చూసి చూసి నేర్చుకున్నాను. అత్తయ్య ఒక్కనాడూ పళ్ళెం ముట్టుకోనివ్వలేదు. చెయ్యి చిన్నదానిది అంది, అయిపోయింది. నా మొహానికి కళ్ళు లేవా? నువ్వు దొంగ అన్నావు. అంటే అన్నావు, నీ నోరు నాకు కొత్తా? తాళం వేశావు చూడు, అందుకు ఏడ్చాను. పొద్దున్నే వెళ్ళి ఖాళీ బల్ల ముందు కూర్చునేదాన్ని."

ఇన్ని మాటలు దాని నోటి వెంట ఒక్కసారే వినడం నాకు ఇదే మొదలు. ఇన్నేళ్ళూ పక్కన ఉన్న మనిషికి ఏం కావాలో ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. కళ్ళకి పొర మూడేళ్ళ కిందట వచ్చిందని డాక్టరమ్మ అంది, పాపం ఆవిడకేం తెలుసు.

అది చొక్కా మడతపెట్టి పక్కన పెట్టింది.

"ఎనిమిది దండలు కదా. పదిహేడు సాయంత్రానికి ఇవ్వాలి కదా. బీరువా తాళం ఇలా ఇవ్వు" అంది.

అక్టోబరు 17

ఎనిమిది దండలూ నేనే కోశాను. ముడికీ ముత్యానికీ మధ్య కత్తెర మొన పెట్టి, ముత్యం గీరుకోకుండా, ఒక్కో ముడీ. దాని చేతి ముడులు తెంపుతుంటే ప్రాణం ఉసూరుమంది. విడిపోయిన ముత్యాలు పళ్ళెంలో పోస్తే అది నా కుర్చీలో కూర్చుని ఎంచింది. నేను స్టూలు మీద. ఎంచిన వరసలు రాత్రిళ్ళు అదే గుచ్చింది.

నేను ముత్యాన్ని ఎత్తి వెలుగుకి పెట్టి చూసేదాన్ని. అది ఎత్తదు. వేలితో గుడ్డ మీద దొర్లిస్తుంది, దొర్లుతుంటే చూస్తుంది. "ఆగి ఉన్నప్పుడు అన్నీ బుద్ధిమంతుల్లానే ఉంటాయక్కా, కదిలితే అసలు రంగు బయటపడుతుంది" అంది. ఇది నేను నేర్పలేదు. ఎవరూ నేర్పలేదు.

మూడు రోజులూ మధ్యాహ్నాలు ఆయన ఇద్దరికీ భోజనం పట్టుకొచ్చారు. ఉప్పు మర్చిపోయారు. ఇద్దరం వంక పెట్టకుండా తిన్నాం. మా మరిది కొక్కేలన్నీ తన స్వెటరుకి రాసి చూసి, స్వెటరు పాడుచేసుకున్నాడు.

సాయంత్రం ఆరింటికి ఎనిమిదో దండ ఇచ్చేశాం.

అక్టోబరు 19

నిన్న కోట్లావిడ షాపు కిక్కిరిసిపోయింది. వంకాయ రంగు కోటు ముందు ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి కోటుని వదిలేసి దండ గురించి మాట్లాడుకున్నారట. కోట్లావిడ చలికాలానికి ఇంకో ఇరవై కావాలంది. మా ఇద్దరికీ చెరో శాలువా ఇచ్చింది, ఇటుక రంగువి. నాకు ఇటుక రంగులానే కనిపించింది. నిజమో కాదో చిన్నదాన్ని అడిగి నిర్ధారించుకున్నాను.

అందరికీ దణ్ణాలు. కోట్లావిడకి, డాక్టరమ్మకి, ఉప్పు లేని పప్పుకి. చిన్నదానికి ఎలా పెట్టాలో తెలీడం లేదు. పెద్దది చిన్నదానికి దణ్ణం పెడితే ఆయుక్షీణం అంటారు.

అక్టోబరు 27

కుడికన్ను ఆపరేషన్ అయింది. అక్షరాలు లావుగా, వంకరగా వస్తున్నాయి. రాయొద్దన్నారు. రాస్తున్నాను.

తెలుపు ఇంత తెల్లగా ఉంటుందా!

నవంబరు 7

కొట్టుకి వెళ్ళాను. కుడికన్ను మూస్తే పళ్ళెంలో ముత్యాలన్నీ మీగడ. ఎడమకన్ను మూస్తే అయ్యబాబోయ్, ఒక్కోదానిదీ ఒక్కో వన్నె. నీలం ఛాయ ఉన్న తెలుపు ఉంటుందని మర్చేపోయాను. చిన్నపిల్లలా కళ్ళు మార్చి మార్చి చూసుకున్నాను.

నన్ను చూడగానే చిన్నది కుర్చీలోంచి లేచింది. "రా అక్కా" అంది. నేను వద్దులే అనలేదు. కూర్చున్నాను. రోజంతా ఎంచాను. అది ఎంచి పెట్టిన వరసల్లో తప్పేమన్నా దొరుకుతుందేమోనని కూడా చూశాను. ఈ పుస్తకం దగ్గర దాపరికమెందుకు. దొరకలేదు.

అంతా మునుపటిలానే అయిపోయింది. కన్ను పెద్దదానిది, చెయ్యి చిన్నదానిది. చిన్నది ఏమీ అనుకోలేదు. ఏమీ అనలేదు, కాబట్టి అనుకోలేదు.

నవంబరు 12

టీచరమ్మ తన దండ తెచ్చి, కాలర్ల మీదకి రావట్లేదు, పొడుగు చేసిపెట్టమంది. ఇప్పుడు ఊరందరికీ పొడుగు పిచ్చి పట్టింది. కోసి, వరస చెదరకుండా పళ్ళెంలో పరిచాను. అన్నీ పాల తెలుపు. ఒక్కటి మాత్రం, కొక్కెం పక్కది, మీగడ.

దొరికావే, అనుకున్నాను. నిజంగా సంతోషించాను, సిగ్గులేకుండా.

మధ్యాహ్నం ఇంకొకావిడ రెండేళ్ళనాటి దండ తెచ్చింది. దాంట్లోనూ అంతే. కొక్కెం పక్కన ఒక్కటి మీగడ. కోట్లావిడ దగ్గరికి నడిచి వెళ్ళి, బొమ్మల మెడలు వెనక్కి తిప్పి చూశాను. వాళ్ళు నాకు పిచ్చెక్కిందనుకుని ఉంటారు. సెప్టెంబరులో చేసిన నాలుగింటిలోనూ ఒక్కోటి ఉంది. తర్వాత మళ్ళీ చేసిన ఎనిమిదింటిలో లేదు.

తిరిగొచ్చి అడిగాను. చిన్నది దారానికి మైనం రాస్తోంది.

"అవి నువ్వు ఎంచినవే అక్కా."

"తీసేయకుండా ఎందుకు ఉంచావే?"

"ఎవరన్నా దండ బావుందంటే మా అక్కే ఎంచిందండీ అని చెప్తాను కదా. మరీ పచ్చి అబద్ధమైతే ఎలా? అందుకని దండకి ఒకటి నువ్వు ఎంచింది ఉంచేసేదాన్ని. మెడ వెనక జుట్టు కింద పడుతుంది, ఎవరికీ కనపడదు. మొన్నటి ఎనిమిదీ నీ ఎదురుగానే ఎంచాను, నువ్వూ చూశావు. వాటికి ఆ అవసరం లేకపోయింది."

చేతిలో కత్తెర పక్కన పెట్టేశాను. ఇక పని చెయ్యలేకపోయాను.

నవంబరు 13

మూడేళ్ళు. ఎన్ని దండలో. ప్రతిదాంట్లో ఒకటి.

నేను పళ్ళేనికి తాళం వేశాను. అది నా పేరు నిలబెట్టింది. ఇలాంటి మనిషిని నాకు తోడికోడలుగా ఇచ్చినందుకు అత్తయ్యకి వెయ్యి దణ్ణాలు. కానీ అత్తయ్యా, నువ్వు పంచింది తప్పు. నాకు అనుకూలంగా ఉందని నేను అడగలేదు.

నవంబరు 14

ఎనిమిదింటికే వెళ్ళాను, దానితోపాటు. అది అలవాటుగా స్టూలు వైపు నడిచింది.

"అటు కాదు. అక్కడ కూర్చో" అన్నాను.

"నీ కన్ను బాగయింది కదక్కా."

"బాగయింది కాబట్టే చెబుతున్నాను. కూర్చో."

"మరి నువ్వు?"

"ముడి వెయ్యడం నేర్పు."

వద్దంది. అత్తయ్య మాట అంది. జనం ఏమనుకుంటారంది. నేను వెళ్ళి స్టూలు మీద కూర్చుండిపోయాను. నా సంగతి దానికి తెలుసు, లేవను. కాసేపు నిలబడి, ఆఖరికి కుర్చీ అంచు మీద కూర్చుంది, ఎవరో తరిమేస్తారన్నట్టు. పదకొండింటికి టీ నేను పెట్టాను. చక్కెర ఎక్కువైందంది.

నా ముడులు పెసరగింజంత వస్తున్నాయి.

నవంబరు 16

కోట్లావిడ పంపిందని కొత్తావిడ ఒకర్తి వచ్చింది. ముదురాకుపచ్చ కోటు వేసుకుని ఉంది. దండ మెళ్ళో పెట్టుకుని అద్దంలో చూసుకుంది. అటు తిరిగి చూసుకుంది, ఇటు తిరిగి చూసుకుంది.

"ఇన్ని ముత్యాలు ఇలా ఒకేలా ఎలా దొరికాయండీ? ఎంచింది మీరేనా?" అని నన్ను అడిగింది.

చిన్నది తల ఎత్తలేదు. నోరు మాత్రం తెరిచింది, ఎప్పుడూ చెప్పేదే చెప్పడానికి. నేను ముందు చెప్పేశాను.

"కాదండీ. మా చెల్లెలు. ఈ కొట్లో ఎంచేది ఆవిడే. మూడేళ్ళుగా ఆవిడే."

వెనక పళ్ళెం దభీమని పడింది. ముత్యాలు నేలంతా, బల్ల కింద, బీరువా కింద, గుమ్మం దాకా. ఇరవై ఎనిమిదేళ్ళలో దాని చేతిలోంచి ఒక్క ముత్యం జారడం నేను చూళ్ళేదు. "అయ్యో అక్కా, చూడు ఏం చేశానో" అంటూ మోకాళ్ళ మీద కూర్చుంది. ఒక్కటీ ఏరడం లేదు. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని అలాగే కూర్చుంది. ఆకుపచ్చ కోటావిడ కంగారుపడి తనూ వంగింది.

"మీరు లేవండి, కోటు నలుగుతుంది. నాకు కనపడుతున్నాయి" అన్నాను.

బీరువా కింద దుమ్ములో ఉన్నదాంతో సహా ఒక్కటి వదలకుండా ఏరాను. చెంగుతో తుడిచి దాని పళ్ళెంలో పోశాను.